ఎవరైనా కొట్టుకోగల నాణెం: లారిన్ వెండి తీగ సంగతి

17వ శతాబ్దంలో, సింహళంలోని (ఇవాళ్టి శ్రీలంక) క్యాండీ రాజ్యంలో ఒక అలవాటు ఉండేది. ఎదుటివాడు ఇచ్చిన వెండి డబ్బు మీద అనుమానం వస్తే దాన్ని నిప్పుల్లో వేసి ఎర్రగా కాల్చి, ఆ వేడి మీదే నీళ్లలో ముంచేవారు. బయటికి తీశాక తెల్లగా ఉంటే పుచ్చుకునేవారు. నల్లబడితే అది చెల్లని డబ్బు. 1660 నుంచి 1679 దాకా అక్కడ బందీగా ఉన్న రాబర్ట్ నాక్స్ అనే ఇంగ్లీషు నావికుడు ఈ సంగతి రాసిపెట్టాడు. ఆయన చెప్పినదాంట్లో ఇంతకంటే విచిత్రమైనది ఇంకొకటుంది. గాలం ఆకారంలో ఉండే ఆ డబ్బును రాజు అనుమతితో ఎవరైనా తయారు చేసుకోవచ్చు. దాని మీద తమకు తోచిన గుర్తు కొట్టుకోవచ్చు.

రాజముద్రే డబ్బుకు ప్రాణం అనుకునే మనకు ఇది మింగుడుపడదు. ఎవడి ఇంట్లో వాడు డబ్బు చేసుకుంటే రాజ్యం నిండా దొంగ డబ్బే మిగలాలి కదా? కానీ ఈ రకం వెండి డబ్బు రెండు శతాబ్దాలకు అటూ ఇటూగా పర్షియన్ గల్ఫ్ నుంచి సింహళం దాకా రేవు రేవునా చెల్లింది. దాని పేరు లారిన్. లారీ అని కూడా రాస్తారు గానీ, రోడ్డు మీద తిరిగే లారీతో గందరగోళం ఎందుకని ఇక్కడ లారిన్ అనే అంటాను.

దీని గురించి దొరికే రాతలు చదివితే ఉన్న అయోమయం పెరుగుతుంది. ఒకరు ఇరాన్ నాణెం అంటారు. ఇంకొకరు మాల్దీవుల నాణెం అంటారు. శ్రీలంకవాళ్లు తమ గాలం డబ్బు అంటారు. బీజాపూర్ సుల్తాను పేరున్న లారిన్లు కొంకణ తీరంలో నిక్షేపాలుగా బయటపడ్డాయి. అందరూ చెప్పేది నిజమే. లారిన్‌ను ఏదో ఒక దేశపు నాణెంగా చూడటంతోనే చిక్కు మొదలవుతుంది. అది ఒక తూకం, ఒక ఆకారం, ఒక మేలిమి. ఆ మూడూ సరిపోతే, మీద ఎవరి పేరు ఉందన్నది రేవులో ఎవరికీ పెద్దగా పట్టేది కాదు.

తీగే ఎందుకు?

ముందు ఆ వస్తువును దగ్గరగా చూద్దాం. సుమారు 10 సెంటీమీటర్ల పొడవున్న వెండి తీగ తీసుకుని, సరిగ్గా సగానికి మడిచి, రెండు కొసలూ పక్కపక్కకు తెచ్చి, సుత్తితో కొంచెం చదును చేసి, పైన ముద్ర కొడితే లారిన్. జడకు పెట్టుకునే హెయిర్‌పిన్‌లా ఉంటుంది. తూకం ఐదు గ్రాములకు కాస్త తక్కువ. వెండి సాంద్రతను బట్టి లెక్క కడితే ఆ తీగ మందం రెండున్నర మిల్లీమీటర్లకు కొంచెం లోపే వస్తుంది. సిరియాలోని అలెప్పోలో ఇంగ్లీషు కాన్సల్‌గా ఉన్న విలియం బారెట్ 1584లో తూర్పు రేవుల తూకాలు, నాణేలు వివరిస్తూ దీన్ని వింత డబ్బు అన్నాడు. క్రైస్తవ దేశాల డబ్బులా గుండ్రంగా ఉండదనీ, బాతు ఈక కాడంత లావున్న వెండి పుల్ల అనీ రాశాడు. వింత అంటూనే, ఇండియా రేవుల్లో ఇంతకంటే బాగా చెల్లే డబ్బు లేదనీ, ఆరు లారిన్లు డకట్ అనే యూరప్ నాణెం ఒకదానికి సమానమనీ చెప్పాడు.

గుండ్రటి నాణెం చేయడం పైకి కనిపించేంత తేలిక కాదు. వెండిని రేకుగా కొట్టి, బిళ్లలు కత్తిరించి, ఒక్కోదాన్నీ తూచి, ఎక్కువైతే అంచు గీకి, తక్కువైతే మళ్లీ మూసలో వేయాలి. కత్తిరించగా మిగిలిన తుక్కును కూడా మళ్లీ కరిగించాలి. తీగతో ఈ బాధ చాలావరకు లేదు. వరుసగా సన్నబడుతూ పోయే రంధ్రాలున్న ఉక్కు పలకలోంచి వెండిని లాగితే తీగ మందం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకేలా ఉంటుంది. మందం ఒకటే అయినప్పుడు పొడవు కొలిస్తే చాలు, తూకం దానంతటదే వస్తుంది. ఒక కొలపుల్ల పక్కన పెట్టుకుని ముక్కలు నరుక్కుంటూ పోవచ్చు. దీనికి టంకశాల అక్కర్లేదు, నగల పని తెలిసిన కంసాలి చాలు.

పుచ్చుకునేవాడికి దొరికే సౌకర్యం ఇంకా పెద్దది. నాణేల మోసాల్లో చాలా పాతది రాగి మీద వెండి పూత వేయడం. గుండ్రటి బిళ్ల లోపల ఏముందో పైకి చూస్తే తెలియదు. తీగనైతే మడిచిన చోట పూత సాగి పగిలే వీలుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే ఉలితో ఒక గాటు పెడితే లోపలి రంగు బయటపడుతుంది. ఇవాళ మ్యూజియంలలో ఉన్న లారిన్లలో చాలావాటి మీద అడ్డంగా ఇలాంటి గాట్లు కనిపిస్తాయి. ఏదో ఒక రేవులో డబ్బు మార్చే షరాబు ఎవరో నమ్మలేక పరీక్షించి, నమ్మకం కుదిరాక పెట్టెలో వేసుకున్న గుర్తులవి. సేకర్తలు వాటిని లోపాల కింద లెక్కేసి ఖరీదు తగ్గిస్తారు గానీ, ముద్ర చెప్పలేని సంగతి ఆ గాట్లే చెబుతాయి.

ముద్ర విషయంలో మాత్రం ఈ తీగ ఏమాత్రం పనికిరానిది. రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు మీద ఎవరి బిరుదులు పడతాయి? వెడల్పాటి ముద్రను తీగ మీద పెట్టి కొట్టడం వల్ల సుల్తాను పేరు, ఊరు, హిజ్రీ సంవత్సరం ఉన్న రాతలోంచి ఒక సన్నటి పట్టీ మాత్రమే వెండి మీదికి ఎక్కేది. ఒకదాని మీద పేరులో సగం, ఇంకొకదాని మీద సంవత్సరంలో రెండంకెలు, మూడోదాని మీద రెండక్షరాల తోకలు. అందుకే ఒక్క లారిన్‌ను చేతిలో పెట్టి ఇది ఏ ఏటిదని అడిగితే నిపుణులు కూడా తడబడతారు. ఒకే నిక్షేపంలో దొరికినవాటిని పక్కపక్కన పేర్చి, ఒక్కోదాని మీంచి ఒక్కో ముక్క ఏరుకుని, మొత్తం రాతను తిరిగి అల్లుకోవాలి. సింహళంలో తయారైన చాలా లారిన్ల మీద అసలు చదవగలిగే రాతే లేదు. అరబ్బీ అక్షరాల్లా కనిపించే గీతలు మాత్రం కొట్టి ఊరుకున్నారు. వాటిని చేసినవాడికి అరబ్బీ రాదు. తీసుకునేవాడికీ రాదు. లారిన్ అంటే మీద అలాంటి గీతలు ఉంటాయని ఇద్దరికీ తెలుసు, అంతే.

పేరు లార్‌ది, ముద్ర అందరిదీ

లార్ దక్షిణ ఇరాన్‌లో, ఫార్స్ ప్రాంతంలోని ఊరు. సముద్రపు ఒడ్డున లేదు గానీ షిరాజ్ నుంచి హోర్ముజ్‌కు దిగే బిడారు దారి మీద ఉంది. 17వ శతాబ్దం మొదట్లో ఇరాన్ పాలకుడు షా అబ్బాస్ సైన్యం వచ్చి ఆక్రమించేదాకా అక్కడ సొంత పాలకులుండేవారు. నాణేనికి పేరు ఆ ఊరి నుంచే వచ్చింది. అయితే దాన్ని ఓడ ఎక్కించింది హోర్ముజ్.

హోర్ముజ్ గల్ఫ్ మూతి దగ్గర ఉన్న చిన్న ద్వీపం. తాగునీళ్లు కూడా బయటి నుంచి తెచ్చుకోవాల్సిన చోటు. అయినా అరేబియా, ఇరాన్, ఇండియా సరకులన్నీ అక్కడ చేతులు మారేవి. పోర్చుగీసువారు 1507లో దాని మీద పడి, 1515లో గట్టిగా చేజిక్కించుకున్నారు. రాజును పేరుకు అలాగే ఉంచి, పెత్తనం తాము చేశారు. లారిన్‌ను రద్దు చేసే ఆలోచన వారికి రాలేదు సరికదా, తమ లెక్కల్లోకి ఎక్కించుకున్నారు. 1525 నాటి పోర్చుగీసు పత్రంలో ఒక లారిన్ విలువ పోర్చుగీసు డబ్బులో 60 రెయిస్ అని ఉంది. షెరాఫిన్ అనే పెద్ద నాణెం 300 రెయిస్. అంటే ఐదు లారిన్లకు ఒక షెరాఫిన్, చిల్లర గొడవ లేకుండా.

ఆ తర్వాత ఎవరెవరు కొట్టారో చూస్తే ఈ నాణెం స్వభావం తెలుస్తుంది. హోర్ముజ్ రాజుల పేర్లతో ఉన్నాయి. ఇరాన్‌ను ఏలిన సఫావీ వంశపు షా తహ్మాస్ప్ పేరుతో ఉన్నాయి. ఇరాక్ రేవు బస్రాలో టర్కీ ఉస్మానియా (ఆటోమన్) సుల్తానుల పేర్లతో ఉన్నాయి. ఉస్మానియాలూ సఫావీలూ ఆ శతాబ్దంలో ఒకరి రాజ్యం మీద ఒకరు పదే పదే దండెత్తినవాళ్లు. ఒకడి మతాన్ని ఇంకొకడు ఒప్పుకోడు. డబ్బు ఆకారంలో మాత్రం ఇద్దరూ ఒకే తీగను మడిచారు. తమ సొంత రకం నాణెం పెడితే గల్ఫ్ దాటాక దాన్ని ఎవరూ ముఖవిలువకు తీసుకోరని ఇద్దరికీ తెలుసు.

బీజాపూర్ సంగతి ఇంకా ఆసక్తికరం. రెండో అలీ ఆదిల్‌షా 1656 నుంచి 1672 దాకా పాలించాడు. కొంకణ తీరంలో దాభోల్ లాంటి రేవులు ఆ రాజ్యానివే. ఆయన పేరుతో, హిజ్రీ సంవత్సరాలతో సహా లారిన్లు ఉన్నాయి. అప్పటికి గల్ఫ్‌లో లారిన్ వెలుగు తగ్గుతోంది. తీరంలోని వర్తకులు మాత్రం బేరాలు, బాకీలు లారిన్లలోనే లెక్కపెట్టుకుంటున్నారు. బయటి నుంచి రావడం తగ్గినా లెక్క మారదు కాబట్టి సుల్తాను తానే కొట్టించాడనుకోవడం సబబు. మామూలుగా రాజు నాణెం పెడితే జనం వాడతారు. ఇక్కడ జనం వాడుతున్న నాణేన్ని రాజు నకలు చేశాడు.

వెండి ఎటు నుంచి ఎటు ప్రవహించింది?

ఇరాన్‌లో ఇంత నాణేనికి సరిపడా వెండి గనులు లేవు. మరి ఈ వెండి ఎక్కడిది? 16వ శతాబ్దం మధ్య నుంచి ఎక్కువ భాగం అమెరికా ఖండానిది. పొటోసీ కొండలో 1545లో వెండి బయటపడింది. స్పెయిన్‌వారు అక్కడి వెండిని సెవిల్‌కు చేర్చేవారు. అక్కణ్నుంచి అది యూరప్ అప్పులకూ, యుద్ధాలకూ, సరకులకూ ఖర్చయి మధ్యధరా సముద్రం మీదుగా అలెప్పో లాంటి బజార్లకు వచ్చేది. యూరప్‌కు ఇరాన్ పట్టు కావాలి, మిరియాలు కావాలి. బదులుగా తూర్పువాళ్లు కోరేంత సరకు యూరప్ దగ్గర లేదు, కాబట్టి వెండి ఇచ్చేది.

ఇరాన్‌కు వచ్చిన వెండి కూడా అక్కడ ఆగేది కాదు. ఇండియా నుంచి నూలు బట్టలు, నీలిమందు, పంచదార, బియ్యం, మిరియాలు కావాలి. గల్ఫ్ నుంచి ఇటు వచ్చేవి గుర్రాలు, ఖర్జూరాలు, ముత్యాలు. గుర్రాలు ఎంత ఖరీదైనా లెక్క సరిపోయేది కాదు. మిగిలిన తేడాను వెండితో పూడ్చేవారు. ఆ వెండి ఓడ ఎక్కేటప్పుడు వేసుకున్న రూపమే లారిన్.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. స్పెయిన్‌వారి ఎనిమిది రియాళ్ల నాణెం సుమారు 27 గ్రాములు, అందులో అసలు వెండి 25 గ్రాములకు కాస్త ఎక్కువ. దాన్ని కరిగించి, శుద్ధి చేసి, తీగ లాగితే ఐదు లారిన్లు వస్తాయి. క్యాండీలోని గాలం డబ్బు వెండి ఈ స్పెయిన్ నాణెం వెండి కంటే మేలైనదని నాక్స్ ప్రత్యేకంగా చెప్పాడు. కాబట్టి కరిగించేటప్పుడు రాగిని వేరు చేసే పని కూడా జరుగుతోందన్నమాట.

అయితే ఇండియా అంతటా లారిన్ చెల్లలేదు. ఎందుకో తెలియాలంటే అది ఏ తలుపుల దగ్గర ఆగిపోయిందో చూడాలి. అక్బర్ 1573లో గుజరాత్‌ను ఆక్రమించాక అక్కడ మొగలుల రూపాయిదే రాజ్యం. సూరత్‌లో దిగిన విదేశీ వెండి షరాబుల చేతుల మీదుగా టంకశాలకు పోయి, రూపాయిగా మారి బయటికి వచ్చేది. రూపాయి పదకొండున్నర గ్రాములు, రెండు లారిన్లకు పైన. దాని వెనక పన్నుల యంత్రాంగం మొత్తం ఉంది. శిస్తు కట్టాలంటే రూపాయే కావాలి, తీగలతో పని జరగదు.

తూర్పు తీరంలో కథ వేరు. మచిలీపట్నం ఓడలు ఇరాన్ రేవులకూ పోయేవి, గోల్కొండ దర్బారులో ఇరానీలకు కొదవ లేదు. అలాంటప్పుడు లారిన్లు ఇక్కడ విరివిగా ఉండాలి. ఉండకపోవడానికి కారణం బంగారం. విజయనగరం నాటి నుంచి ఈ ప్రాంతంలో పెద్ద బేరాలకు వరహా, చిన్నవాటికి పణం. వచ్చిన వెండిని లోహం కిందే తూచేవారు. 1687లో ఔరంగజేబు గోల్కొండను తీసుకున్నాక వెండి రూపాయి వచ్చింది. లారిన్ వంతు రాకుండానే ఇక్కడి ఆట ముగిసింది.

కాబట్టి ఉత్తరాన బలమైన రూపాయి, తూర్పున, దక్షిణాన పాతుకుపోయిన బంగారం. ఈ రెండూ గట్టిగా లేని చోట్ల, అంటే గల్ఫ్ ఒడ్డు, కొంకణం, మాల్దీవులు, సింహళంలో లారిన్ నిలదొక్కుకుంది. మ్యాపు మీద చూస్తే ఇవన్నీ సముద్రం వైపు తిరిగి కూర్చున్న ప్రాంతాలే.

మాల్దీవుల్లో గవ్వలూ తీగలూ

ఈ డబ్బు ఎలా నడిచేదో అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది మాల్దీవుల్లో. అందుకు ఒక ఓడ ప్రమాదానికి మనం రుణపడి ఉన్నాం. ఫ్రెంచి నావికుడు ఫ్రాంస్వా పిరార్ ఎక్కిన ఓడ 1602లో అక్కడి పగడపు దిబ్బలకు కొట్టుకుని పగిలింది. 1607 దాకా ఆయన ఆ దీవుల్లోనే ఉండిపోయాడు, భాష నేర్చుకున్నాడు, చూసినదల్లా గుర్తుపెట్టుకున్నాడు.

రాజ్యంలో కొట్టే నాణెం ఒకే రకం, అది లారిన్ అని ఆయన అంటాడు. వేలెడు పొడవు, మధ్యకు మడిచి, మీద రాజు పేరు అరబ్బీ అక్షరాల్లో. విలువ ఫ్రెంచి డబ్బులో ఎనిమిది సూలకు అటూ ఇటూ. మరి లారిన్ కంటే చిన్న బేరాలకు? వెండిని కోసి తూచి ఇచ్చేవారు. తూచకుండా, పరీక్షించకుండా వెండి తీసుకునే అలవాటు అక్కడ లేదు. ఇంకా చిన్నవాటికి గవ్వలు. 12,000 గవ్వలు ఒక లారిన్.

మాల్దీవుల్లో వెండి గని లేదు, వరి పండదు. లోతు తక్కువ సముద్రంలో గవ్వలు మాత్రం కావలసినన్ని. బెంగాల్లో గవ్వలే చిల్లర డబ్బు కాబట్టి అక్కడి ఓడలు బియ్యం తెచ్చి గవ్వలు నింపుకుని పోయేవి. ఒక్క ఏడాదిలో 30, 40 ఓడలు వేరే సరకే లేకుండా గవ్వలతో వెళ్లడం చూశానని పిరార్ రాశాడు. ఇలా ఆ చిన్న దీవుల్లో రెండు డబ్బులు కలుసుకున్నాయి. ఒకటి అక్కడే పుట్టి బయటికి పోయేది, ఇంకొకటి బయట పుట్టి అక్కడికి వచ్చేది. పిరార్ చెప్పిన 12,000 ఆ రెంటి మధ్య మారకం రేటు. బెంగాల్లో గవ్వల విలువ ఇంతకంటే ఎక్కువ. ఆ తేడాయే ఓడవాడి లాభం.

సింహళానికి వచ్చేసరికి మడిచిన తీగను గాలంలా వంచారు. చేపలు పట్టడానికి కాదు, ఆ పేరు చూసి అలా అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ముద్రించే హక్కును రాజు ఎందుకు వదులుకున్నాడన్న ప్రశ్నకు ఇక్కడే జవాబు ఉంది. లారిన్ విలువ అందులోని వెండి విలువే అయినప్పుడు తయారు చేసేవాడికి కూలికి మించి మిగిలేదేమీ ఉండదు. ఎక్కువ చేద్దామంటే అంత వెండి ముందు కొనాలి. లాభం రావాలంటే ఒకటే దారి, రాగి కలపడం. దానికి కాపలా రాజు పెట్టక్కర్లేదు. రాగి కలిసిన వెండిని కాలిస్తే పైన రాగి మండి నల్లటి పొర కడుతుంది, నీళ్లలో ముంచినా ఆ నలుపు పోదు. కుంపటి ఉన్న ప్రతి ఇల్లూ తనిఖీ కేంద్రమే. మోసం చేయడం కుదరదని కాదు, ఎంతకాలం దాగుతుందన్నదే ప్రశ్న.

తీగ ఎలా తెగింది

1622లో షా అబ్బాస్ సైన్యం, ఇంగ్లీషు కంపెనీ ఓడలు కలిసి పోర్చుగీసువారిని హోర్ముజ్ నుంచి వెళ్లగొట్టాయి. వర్తకం ఎదుటి ఒడ్డున బందర్ అబ్బాస్‌కు మారింది. ఇరాన్‌లో అప్పటికే అబ్బాసీ అనే గుండ్రటి వెండి నాణెం వచ్చి ఉంది. డచ్చి, ఇంగ్లీషు కంపెనీలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వస్తూ స్పెయిన్ రియాళ్లను పెట్టెలకు పెట్టెలు నేరుగా ఇండియా రేవుల్లో దింపుతున్నాయి. అలెప్పో, బస్రా, హోర్ముజ్ దారిలో వెండి రూపం మార్చే అవసరమే తగ్గిపోయింది. 1686లో బీజాపూర్ మొగలుల చేతికి పోవడంతో కొంకణంలో ఉన్న ఆసరా కూడా తెగింది.

మాల్దీవుల్లో సుల్తాన్ ఇబ్రహీం ఇస్కందర్ 17వ శతాబ్దం రెండో సగంలో గుండ్రటి నాణేలు మొదలుపెట్టాడు. తీగ పోయింది, పేరు పోలేదు. ఇవాళ్టికీ అక్కడ వంద లారీలు ఒక రుఫియా.

అన్నిటికంటే ఎక్కువ కాలం ఈ ఆకారం బతికింది అరేబియా తూర్పున ఉన్న అల్ హసా ఒయాసిస్సులో. అక్కడ దాన్ని తవీలా అనేవారు. 1860ల మొదట్లో ఆ వైపు తిరిగిన విలియం పాల్‌గ్రేవ్ దాన్ని వర్ణించాడు. అంగుళం పొడవు, ఒక కొస చీలి ఉంటుంది, మీద పాత అక్షరాలు. చూడటానికి లారిన్ వారసుడే. లోహం మాత్రం రాగి, వెండి పేరుకు కాస్త కలిసింది. అల్ హసా దాటితే దాన్ని ఎవరూ ముట్టుకునేవారు కాదు. సొంత ఊళ్లో తప్ప ఎక్కడా విలువ లేని మనిషిని అరబ్బులు ‘హసా తవీలాలాంటివాడు’ అని ఎగతాళి చేసేవారట.